వార్షిక నివేదిక: మన పరిశోధకుల పని నలుగురికీ తెలిసేలా

బెంగళూరులోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో చూసే ఉంటారు. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టిన పనికే ఇస్తున్నాను. మన మధ్య ఉన్న పరిశోధకులు తమ పని గురించి సోషల్ మీడియాలో చెప్పుకోవడానికి నెలకో ఆదివారం కూర్చుని సాయం చేశాం.

1909లో మొదలైన ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ), జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ శాస్త్ర పరిశోధన కేంద్రం, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్... బెంగళూరులో ఎక్కడికెళ్లినా పీహెచ్‌డీ చేసే తెలుగు పిల్లలు కనిపిస్తారు. పండగ భోజనాల దగ్గర "ఏం చేస్తున్నావమ్మా?" అంటే "రీసెర్చ్ అండీ" అని తలవంచుకుంటారు. ఇంకో మాట చెబితే గొప్పలు పోతున్నారనుకుంటారని వాళ్ల భయం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు తయారీ వెనక ఉన్న మనిషి. 1948లో కన్నుమూశారు. ఇవాళ్టికీ మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలియదు. చేసిన పని చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒకమ్మాయి వేరుశనగ టిక్కా తెగులు మీద పనిచేస్తోంది. ఆమె మొదటి పోస్టులో "మా పేపర్ అచ్చయింది" అన్న ఒక్క వాక్యం, దాని కింద రెండు లైన్ల ఇంగ్లీషు శీర్షిక ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. "మీ నాన్నగారికి ఫోన్లో ఎలా చెబుతావమ్మా?" అని అడిగాం. "నాన్నా, ఆకు మీద మచ్చ మన కంటికి కనబడకముందే ఫొటోతో పట్టుకోవచ్చేమో చూస్తున్నాం" అంది. అదే మొదటి వాక్యం చేశాం. "కుండీల్లో మొక్కల మీదే చూశాం, చేలో ఇంకా చూడలేదు" అన్నది కూడా ఉండాలని ఆమే పట్టుబట్టింది. ఆ పట్టుదల నాకు చాలా నచ్చింది. ఇంగ్లీషులో ఎక్స్ (పాత ట్విట్టర్) కోసం 280 అక్షరాలకు కుదించాం, తెలుగులో ఫేస్‌బుక్‌లో వివరంగా రాశాం.

వాళ్ల నాన్నగారు దాన్ని ఊరి గ్రూపులో పెట్టారు. ముందు అందరూ ఏ మందు కొట్టాలనే అడిగారు. ఇది మందు గురించి కాదని ఆమె ఓపిగ్గా ఒక్కొక్కరికీ చెప్పింది. ఒక రైతు మాత్రం "అడుగు ఆకులు ముదిరి పసుపెక్కినా తెగులనే చూపిస్తుందా?" అన్నారు. అది తాను పరీక్షించలేదని ఆమె ఒప్పుకుంది. ఇప్పుడు ఆ ప్రశ్న ఆమె తర్వాతి ప్రయోగంలో ఉంది.

ఒక పొరపాటూ జరిగింది. ఒకబ్బాయి ల్యాబ్‌లో తోటివాళ్ల గ్రాఫు, ఇంకా అచ్చవనిది, ఫొటో తీసి పెట్టేశాడు. గైడ్ బాధపడ్డారు. పోస్టు తీసేసి క్షమాపణ చెప్పాడు. ముందే హెచ్చరించకపోవడం మా తప్పు. అప్పటి నుంచి మొదటి అరగంట జాగ్రత్తలకే కేటాయిస్తున్నాం. సహరచయితలు సరేనన్నాకే పోస్టు. పేటెంట్ ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు, తర్వాతే ప్రచారం; ముందే బయటపెడితే కొత్తదనం పోయిందని దరఖాస్తును కొట్టేయవచ్చు. జర్నల్ వేసిన పీడీఎఫ్‌ను చాలా పత్రికలు పంచుకోనివ్వవు, కాబట్టి డీఓఐ లింకు, అంటే ఆ పేపర్‌కు ఉండే మారని ఆన్‌లైన్ చిరునామా, ఇవ్వాలి. పేపర్ల గురించి ఆన్‌లైన్‌లో ఎంత చర్చ జరుగుతోందో చూసే ఆల్ట్‌మెట్రిక్ లాంటి సేవలు లెక్కపెట్టేది కూడా అలాంటి లింకులను పట్టుకునే. బొమ్మ పెడితే చూపులేనివారి కోసం వివరణ రాయాలి.

లైకులు రాలేదని టెన్షన్ పడేవాళ్లతో విడిగా మాట్లాడాం. ఆ అంకె ఎంతమంది లైక్ నొక్కారో చెబుతుంది, పని నాణ్యతను చెప్పదు. ఒకమ్మాయికి అసభ్యమైన కామెంట్లు వచ్చిన రోజు మన మహిళా సభ్యులు పక్కనే కూర్చుని, స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతాలు బ్లాక్ చేయించారు. వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది కన్నడ మిత్రులూ వస్తామంటున్నారు, ఇప్పుడున్న గది సరిపోదు. ప్రొజెక్టర్ ఉన్న హాలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. రిటైరైన తెలుగు మాస్టార్లు, పత్రికల్లో పనిచేసినవారు నెలకు రెండు గంటలు ఇవ్వగలిగితే, పోస్టు పెట్టకముందే పిల్లలు మీకు చదివి వినిపిస్తారు. అర్థం కాని చోట ఆపి అడగండి.

మీ కార్యదర్శి