కాకిలెక్కలు మాన్పించు

ప్రియ మిత్రమా,

వార్డు నర్సులకు సెప్సిస్ మీద శిక్షణ ఇచ్చే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కాబట్టి కాస్త తీరిగ్గానే రాస్తున్నాను. నిర్వచనంతో మాత్రం మొదలుపెట్టకు. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణాపాయ స్థాయిలో దెబ్బతినడమే సెప్సిస్ అని 2016లో నిపుణులు చెప్పిన మాట సరైనదే. అయితే రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు కంటబడేవి వేరు: నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన పెద్దాయన ఇవాళ కూతుర్ని పోల్చుకోలేకపోవడం, యూరిన్ బ్యాగు నిండకపోవడం, ఆయాసం.

ఆ ఆయాసం దగ్గరే ఎక్కువసేపు ఆగు. బీపీకి, పల్స్‌కు యంత్రాలున్నాయి. శ్వాసను సాధారణంగా మనిషే లెక్కపెట్టాలి, అందుకే చార్టుల్లో వరుసగా 18, 18, 18 అని కాకిలెక్కలు పడుతుంటాయి. (నవ్వకు, నువ్వూ చూసే ఉంటావు.) శ్వాస, బీపీ, పల్స్ వంటివాటికి పాయింట్లు వేసి రోగి పరిస్థితి ఎంత విషమిస్తోందో చెప్పే న్యూస్ 2 స్కోరులో శ్వాస నిమిషానికి 25 చేరితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు, కొత్తగా వచ్చిన తికమకకు మరో 3, మొత్తం 7కు చేరితే అత్యవసరమే. రాసింది 18 అయితే శ్వాసకు సున్నా పడి, ప్రమాదంలో ఉన్న మనిషి కాగితం మీద కులాసాగా ఉంటాడు! కాబట్టి నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, రోగి గమనించకుండా, నిండు నిమిషం ఛాతీ కదలికలను లెక్కపెట్టడం మంచం పక్కనే నిలబెట్టి చేయించు. జ్వరం లేదుగా అన్న ధీమా కూడా పోగొట్టు. వృద్ధులకు ఒళ్లు చల్లబడినా సెప్సిస్ కావచ్చు.

చికిత్స క్రమం వాళ్లు త్వరగానే పట్టుకుంటారు: అవయవాలకు రక్తం సరిగా అందుతోందో లేదో సూచించే లాక్టేట్ రక్తపరీక్ష, యాంటీబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్ష), షాక్ (బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితి) ఉంటే గంటలోపే యాంటీబయాటిక్. బీపీ పడిపోయినవారికి మొదటి 3 గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ వంటి ద్రవం సూచిస్తారు, అంటే 60 కిలోల మనిషికి 1,800 మిల్లీలీటర్లు. అది ఎక్కుతున్నంతసేపూ ఆయాసం పెరుగుతోందేమో చూస్తూ ఉండాలి.

నా లెక్కలో అసలు చిక్కు ఫోన్ దగ్గర. "పేషెంట్ ఎందుకో డల్‌గా ఉన్నారండి" అంటే డ్యూటీ డాక్టరు "సరే, చూస్తాను" అంటారు. "సెప్సిస్ అనుమానంగా ఉంది, శ్వాస 26, బీపీ 92, మనిషి తికమకగా ఉన్నారు, వెంటనే రావాలి" అంటే మంచం దిగుతారు. ఈ మాట జంకు లేకుండా వచ్చేదాకా జంటలుగా సాధన చేయించు. జూనియర్ డాక్టర్లను కూడా కూర్చోబెట్టు, వినడం నేర్వాల్సింది వాళ్లే కదా!

నీ శిక్షణ ప్రణాళిక రాసి పంపితే చదివి చెబుతాను.

ఇట్లు,
నీ మిత్రుడు