కంప్యూటర్ సాక్ష్యానికి పంచనామా నుంచే భద్రత కావాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

క్రిమినల్ కేసుల్లో నిందితుడు ఇంటర్నెట్‌లో ఏం వెతికాడు, ఎప్పుడు లాగిన్ అయ్యాడు అన్న వివరాలే ఇప్పుడు ఛార్జిషీటుకు బలమవుతున్నాయి. ఫలానా యంత్రంలో ఒక పని జరిగిందని తేలడం వేరు, దాన్ని నిందితుడే చేశాడని తేలడం వేరు. దేవరకొండ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో నెట్ సెంటర్‌లోని ఒకే కంప్యూటర్ మీద రోజంతా ఎందరో దరఖాస్తులు నింపుతారు. ఇళ్లలోనూ ఒక ల్యాప్‌టాప్‌ను అన్నదమ్ములంతా ఒకే పాస్‌వర్డ్‌తో వాడుకుంటారు.

సమయం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా లాగ్‌లు, అంటే కంప్యూటర్ దానంతటదే రాసుకునే పనుల చిట్టాలు, అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నమోదవుతాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11 గంటలకు జరిగిన పని, లెక్క మార్చకుండా చదివితే, సాయంత్రం 5.30కి జరిగినట్టు కనిపిస్తుంది. ఆ తేడాతోనే ఇంట్లో లేని మనిషి ఉన్నట్టూ, ఉన్న మనిషి లేనట్టూ తేలే ప్రమాదం ఉంది.

విశ్లేషించే సాఫ్ట్‌వేర్ సైతం తప్పు చెప్పగలదు. 2011లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక తల్లిపై జరిగిన హత్యానేర విచారణలో, క్లోరోఫాం గురించిన పేజీని 84 సార్లు చూశారని కోర్టుకు చెప్పారు. చూసింది ఒక్కసారేనని ఆ సాఫ్ట్‌వేర్ రూపకర్తే తర్వాత గుర్తించారు. బ్రిటన్‌లోనైతే హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చూపిన లోటును నమ్మి, 900 మందికి పైగా పోస్టాఫీసుల నిర్వాహకులను దోషులుగా తేల్చారు. ఆ కుటుంబాలు పోగొట్టుకున్న పరువును ఏ పరిహారం తిరిగి ఇవ్వగలదు?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం పరికరం బాధ్యుడు, నిపుణుడు ఇద్దరూ ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో హ్యాష్ విలువ, అంటే డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, రాయాలి. ఇది మంచి ఏర్పాటే. అయితే ఆ విలువ తీసిన తర్వాత డేటా మారలేదని మాత్రమే దాంతో తెలుస్తుంది, అంతకుముందు ఏం జరిగిందో తెలియదు. స్వాధీనం చేసుకున్న ల్యాప్‌టాప్‌ను స్టేషన్‌లో ఎవరైనా ఊరికే ఆన్ చేసినా కొన్ని ఫైళ్ల తేదీలు మారిపోతాయి.

అందువల్ల సోదాను వీడియో తీసేటప్పుడే పరికరాన్ని పంచుల (సోదా సాక్షుల) ఎదుట సీలు చేసి, దాని గడియారం చూపుతున్న సమయాన్ని పంచనామాలో రాయించాలి. పెద్ద డిస్క్‌కు హ్యాష్ తీయడానికి గంటలు పడుతుంది కాబట్టి అక్కడ వీలుకాకపోతే, ల్యాబ్‌లో సీలు విప్పిన వెంటనే తీసి, ఆ వివరంతో పాటు డేటా నకలును నిందితుడి తరఫు న్యాయవాదికి ఇవ్వాలి. ఈ మేరకు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పోలీసు అధికారులు అన్ని స్టేషన్లకూ రాతపూర్వక ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది, నల్గొండ