పద్మశ్రీ ఇచ్చింది నాట్యానికా?

సంపాదకుడు గారికి,

మహిళా దినోత్సవం నాడు మీరు హీరాబాయి లోబీ గారి మీద వేసిన వార్త చూసి వారం దాటింది. పోనీలే అని ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు.

శీర్షికేమో 'గుజరాత్‌లో ఆఫ్రికా మహిళ'. ఫోటోలో ఆమె లేనే లేరు, నెమలీకలు కట్టుకుని గంతులేస్తున్న మగవాళ్లున్నారు! 2023లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది నాట్యానికా? గుజరాత్‌లోని జాంబూరు ఊళ్లో తల్లిదండ్రులు లేక నాయనమ్మ చేతుల మీద పెరిగిన మనిషి. రేడియోలో పథకాల సంగతులు విని, తన సిద్దీ (ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ల సంతతి) ఆడవాళ్లను మహిళా వికాస్ మండళ్లుగా కూడగట్టారు. సేంద్రియ ఎరువు తయారు చేయించారు, పిల్లలకు బాలవాడీలు పెట్టించారు. ఇదంతా మీకు చివరి రెండు లైన్లు. మిగతాదంతా అవార్డు రోజు ఆమె ప్రధానిని ఆశీర్వదించిన వీడియో ముచ్చటే.

అసలు ఆ 'ఆఫ్రికా మహిళ' ఏమిటండీ? సిద్దీల పూర్వీకులు ఇక్కడికి వచ్చి వందల ఏళ్లయింది. ఆమె మాట్లాడేది గుజరాతీ. మన డ్వాక్రా లీడర్ గురించి రాసేటప్పుడు ఆమె ముత్తాతల ముత్తాతలు ఎక్కడి నుంచి వచ్చారో శీర్షికలో పెడతారా?

అంత దూరం దేనికి, మన హైదరాబాద్‌లోనే సిద్దీలుండే ఏసీ గార్డ్స్ పేట ఉంది. ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అనుకునే కుర్రాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. నిజాం గారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ (సిద్దీల గుర్రపు దళం) అని ఏ బడిలో చెబుతున్నారు కనుక! (ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నేనూ చెప్పలేదు, ఒప్పుకుంటాను.) నా దగ్గర చదివిన సిద్దీ అమ్మాయి కుల ధ్రువీకరణ పత్రానికి వెళితే అక్కడి గుమస్తా 'మీది ఏ దేశం?' అన్నాడట. మూడుసార్లు తిప్పాడు. సిద్దీ, హబ్షీ అని బీసీ-ఈ జాబితాలో మన ప్రభుత్వమే అచ్చేసి పెట్టింది, గుజరాత్ సౌరాష్ట్రలోనూ కర్ణాటక ఉత్తర కన్నడలోనూ అయితే వీళ్లు ఎస్టీలు. జాబితా చదివి పెట్టడానికి కూడా అర్జీదారే కావాలి కాబోలు. బకాయి కరెంటు బిల్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే చదివేస్తారు.

ఉత్తర కన్నడ సిద్దీ ఆడవాళ్లు పాత చీరలతో కుట్టే బొంతలను కవంది అంటారు. వాటి మీద ఒక ఆదివారం పేజీ వేసినా చదివేవాళ్లం.

మీ ఆఫీసు నుంచి ఏసీ గార్డ్స్‌కు ఆటోలో ఎంతసేపు? వచ్చే మార్చికైనా ఒక విలేకరిని పంపండి. అక్కడి ఆడవాళ్లను మర్ఫా (సిద్దీల డప్పు) వాయించమని మాత్రం అడగొద్దని చెప్పి పంపండి.

— ఒక రిటైర్డ్ టీచర్,
విజయనగర్ కాలనీ, హైదరాబాద్