పెద్ద చెరువుకి ముందు కాలవలు మళ్లించండి, లైట్లు తర్వాత

సంపాదకుల వారికి నమస్కారం.

మన విజయనగరంలో దసరా వెళ్లిన మొదటి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ఆ పై మంగళవారం పెద్ద చెరువులో తెప్పోత్సవం. మా ఇల్లు చెరువు గట్టుకి రెండు వీధుల అవతలే కాబట్టి నా యాభై తొమ్మిదేళ్లలో తెప్ప చూడని ఏడాదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైడితల్లి అమ్మవారు హంస వాహనం మీద నీళ్లలో తిరిగి ఒడ్డు చేరాక, వంగి దోసెడు నీళ్లు తీసి నెత్తిన చల్లుకోవడం మా అమ్మ చేసిన అలవాటు. మొన్న కూడా వంగాను, నీళ్ల దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. మెట్టు అంచున నల్లటి జిడ్డు, దాని మీద ఒక ఖాళీ పాలిథిన్ సంచి, రెండు గుర్రపుడెక్క ఆకులు, ముక్కు పగిలే కాలవ వాసన. పక్కనున్న మా ఆవిడ "వద్దులెండి, చేతికి ఏమైనా అంటుకుంటుంది" అంది. అమ్మవారు దొరికిన నీళ్లు, అమ్మవారి పండగ నాడే ముట్టుకోలేకపోయాం. ఆ బాధతోనే ఈ ఉత్తరం.

ఈ చెరువు కథ మన ఊళ్లో అందరికీ తెలిసిందే, అయినా పిల్లల కోసం మళ్లీ చెప్పాలి. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమని పిలిచే మంగళవారం పూట విజయరామరాజు కోట కట్టించాడని, అన్నీ విజయాలే కాబట్టి ఊరు విజయనగరమైందని పెద్దలు చెప్తారు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. అప్పటి మన రాజు పెద విజయరామరాజు ఆ తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. ఆయన చెల్లెలే పైడితల్లి. అన్న పోయాడని తెలిసి కుప్పకూలిపోతూ, తన ప్రతిమ పెద్ద చెరువులో దొరుకుతుందని పతివాడ అప్పలనాయుడికి చెప్పిందట, ఆయన జాలర్ల సాయంతో వెతికితే దొరికిందట. ఇప్పటికీ సిరిమాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథంతో పాటు జాలరి వల కూడా నడుస్తుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం మధ్య నిలబడి చూస్తే ఆ వల మన ముందు నుంచే వెళ్తుంది. ఏ నీళ్లలో వేసిన వలకి గుర్తుగా అది ఊరేగుతోందో ఆ నీళ్లు ఎలా ఉన్నాయో మాత్రం ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

మా చిన్నప్పుడు, అంటే 1970ల్లో, చెరువు అంటే గుడీ పండగే కాదు. మా నాన్న నాకు ఈత నేర్పింది అక్కడే. రెండు ఎండిన ఆనపకాయ బుర్రలు తాడుతో కట్టి, ఆ తాడు నా పొట్ట చుట్టూ బిగించి నీళ్లలోకి దింపేవాడు. బుర్రలు చంకల కింద నుంచి జారిపోతుంటే మొదటి వారమంతా ఏడుపే. ఒకరోజు నాకు చెప్పకుండా ముడి విప్పేశాడు, గట్టు దాకా ఈదుకొచ్చాక చూసుకున్నాను పొట్ట చుట్టూ ఏమీ లేదని. బట్టలు ఉతికేవాళ్లు ఒక పక్క, గేదెలు కడిగేవాళ్లు ఇంకో పక్క, సాయంత్రం గట్టు మీద ముసలాళ్లు. కింద పొలాలున్న రైతులకి మదుము (తూము) దగ్గర పని. ఎవడైనా చెత్త తెచ్చి నీళ్లలో వేస్తే పది నోళ్లు లేచేవి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. చెరువుని కాపాడింది గోడా కాదు, కంచే కాదు, రోజూ దాంతో పని ఉన్న జనం.

ఆ పనులన్నీ ఒక్కొక్కటే పోయాయి. తాగునీళ్లు నెల్లిమర్ల, రామతీర్థం, ముషిడిపల్లి వైపు నుంచి పైపుల్లో వస్తున్నాయి. ఇంట్లో వాషింగ్ మెషిన్, పొలాల్లో ఇళ్లు. పని లేని చెరువు వైపు ఎవరూ చూడరు, ఎవరూ చూడని చోటికి కాలవ తిప్పేయడం సులువు. అందుకే నడకకీ, ఆటకీ, ఈతకీ చెరువు దగ్గరికి జనాన్ని మళ్లీ రప్పించడం విలాసం అని నేను అనుకోవడం లేదు. పోయిన కాపలా మళ్లీ పెట్టుకోవడం అది. కానీ నీళ్లు బాగుంటేనే కదా ఎవరైనా వచ్చేది.

పెద్ద చెరువుని అందంగా చేస్తాం అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. అన్నప్పుడల్లా మొదట గట్టు మీద టైల్స్, రంగురంగుల లైట్లు, ఫుడ్ స్టాళ్లు, బోటు. ఆ వరస తిరగెయ్యాలి. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ చూడండి, చుట్టూ పార్కులు, పడవలు, 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహం, అన్నీ ఉన్నాయి. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక మే నెలలో ఆ గట్టు మీద నడిచాను, కంపుకి పది నిమిషాలు నిలబడలేకపోయాను. మన జిల్లాలోనే తాటిపూడి ఉంది. గోస్తని మీద కట్టిన ఆ రిజర్వాయరు విశాఖపట్నానికి తాగునీళ్లిస్తుంది, దాంట్లోనే బోటు షికారూ ఉంది. ఆదివారం పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లేవాళ్లలో సగం మంది మన ఊరివాళ్లే అనిపిస్తుంది నాకు. ఆ కొండలు మనం తెచ్చుకోలేం, కానీ అక్కడ పడవ అంచు మీంచి చెయ్యి నీళ్లలో పెట్టినా ఎవరూ వద్దనరు. తేడా అదే.

గుర్రపుడెక్క సంగతి కూడా ఇంతే. పండగ ముందు తీయిస్తారు, తెప్ప తిరిగే మేర నీళ్లు కనిపిస్తాయి, కార్తీకమాసం వచ్చేసరికి మళ్లీ పచ్చగా కప్పేస్తుంది. మురుగులో వచ్చే నత్రజని, భాస్వరం దానికి ఎరువు, ఆ ఎరువు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అది కప్పేశాక నీళ్లకి ఎండా గాలీ అందవు, చేపలు చస్తాయి, దోమలు పెరుగుతాయి. తీసిన కూలీలది తప్పేం లేదు, పాపం మొలలోతు ఆ నీళ్లలో దిగి తీస్తున్నారు. ఎరువు ఆపకుండా మొక్క పీకితే ఏం లాభం?

ఈ విషయం మీద నేనొకసారి అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే ఇది మాది కాదు పక్క ఆఫీసుది అన్నారు, పక్క ఆఫీసులో మళ్లీ మొదటి దానికే పంపారు. అందుకే పేపరుకి రాస్తున్నాను. అడిగేవి పెద్ద కోరికలు కావు. చెరువులో కలుస్తున్న మురుగు కాలవలు ఎన్నో లెక్క తీసి, గట్టు వెంట వేరే కాలవ వేసి మళ్లించండి, శుద్ధి చేయకుండా చుక్క కలవనివ్వకండి. సర్వే చేసి హద్దు రాళ్లు వేయండి, ఆ మ్యాపు అందరికీ కనపడేలా పెట్టండి. చెరువులు ఊరందరి ఆస్తి, వాటిని కాపాడాల్సిందేనని 2001లో సుప్రీంకోర్టే చెప్పింది. చుట్టూ గోడ కట్టేయకుండా రెండు మూడు చోట్ల నీళ్లలోకి దిగే రాతి మెట్లు ఉండనివ్వండి. నీళ్లు బాగుపడ్డాక ఒక మూల లోతు తక్కువ చోట తాడు కట్టి, ఈత వచ్చిన కాపలా మనిషిని పెట్టి, పిల్లలకి ఈత నేర్పండి.

నీళ్లు బాగుపడ్డాయో లేదో తెలియడానికి కొలత కూడా ఉంది. స్నానానికి పనికొచ్చే నీళ్లంటే లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకుండా కరిగిన ఆక్సిజన్ ఉండాలి, బీఓడీ, అంటే నీళ్లలోని మురుగుని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, లీటరుకి 3 మిల్లీగ్రాములు దాటకూడదు అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆ రెండంకెలూ నెలకోసారి పరీక్ష చేయించి గట్టు మీద ఒక నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినా చాలు. వచ్చే తెప్పోత్సవం లోపు ఒక్క కాలవైనా మళ్లించి ఆ బల్ల పెట్టించండి. పొద్దున్న నడకకి వచ్చే మేం నలుగురైదుగురం ఉన్నాం, బల్ల మీద అంకె మారిందో లేదో రోజూ చూసేది మేమే.

ఇట్లు,
పెద్ద చెరువులో ఈత నేర్చుకున్న ఒక పాఠకుడు,
విజయనగరం