గుంటూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మన జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1921లో, అక్కడి శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో ముందడుగు అదే. అయితే ఆ హక్కు ఆస్తి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి మాత్రమే దక్కింది. మిరప కోతకు వెళ్లే కూలి తల్లి రాజ్యాంగం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1922లో, ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు గుంటూరులో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. ఈ సంగతులు మన బడి పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇప్పుడు స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలవే. కానీ ఒక ఊరి సభలో నేను చూసింది వేరు: బల్ల మీద సర్పంచిగా ఆమె పేరు, కుర్చీలో భర్త. తలుపు దగ్గర నిలబడిన ఆమెకు సంతకం కోసం రిజిస్టరు అందించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎన్నికైన మహిళ స్థానంలో మరొకరు కూర్చుంటే ఆ సమావేశం చెల్లదని దయచేసి అధికారులకు రాతపూర్వకంగా ఆదేశించండి. జనవరి 25న ఓటర్ల దినోత్సవం నాడు ప్రతి బడిలో 1921 నాటి కథ చెప్పించండి.

ఇట్లు,
గుంటూరు ఓటరు