మార్చిన బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు

సంపాదకుల వారికి,

మార్చిన సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోలరు తోలించే ఫొటోలు పత్రికల్లో తరచూ వస్తున్నాయి. ఆ పనిని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా అభ్యంతరమల్లా ఫొటో కింద వేసే ‘మోడిఫైడ్ బైకులపై ఉక్కుపాదం’ అన్న మాట మీదే. లోపలి గొట్టం పీకేసిన సైలెన్సరుతో అర్ధరాత్రి కాలనీల్లో తిరిగే బండికీ, లేత్ మిషన్ పనివాడు, వెల్డరు, పెయింటరు కలిసి నెలల తరబడి కూర్చుని తీర్చిన బండికీ ఆ మాట తేడా చూపడం లేదు. రెండోదాన్ని ఎలా చూడాలో, ఎక్కడ మెచ్చుకోవాలో, ఎక్కడ వేలెత్తి చూపాలో పాఠకులకు చెబితే మేలని నా ఉద్దేశం.

ముందు సైలెన్సరు సంగతి తేల్చేద్దాం. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనానికి తయారీ దశలోనే 80 డెసిబెల్స్ హద్దు ఉంది. బజార్లో దొరికే ఖాళీ గొట్టాలు ఆ హద్దును లెక్కచేయవు. పైగా అవి ఇంజిన్‌కు బలం ఇస్తాయన్నది భ్రమ. కార్బురేటర్ బుల్లెట్‌కు పొగ గొట్టం ఖాళీ చేసి పెట్రోలు పాళ్లు నిర్ణయించే మెయిన్ జెట్ మార్చకుండా వదిలేస్తే గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ప్లగ్ విప్పి చూస్తే తెలిసిపోతుంది: మొన కాఫీపొడి రంగులో ఉంటే సరైన పాళ్లు, సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువైంది. ఇక నడుస్తున్న బండికి స్విచ్ ఆపి మళ్లీ వేసి పటాకా పేల్చడం ఉందే, అది కాలని పెట్రోలు ఆవిరి వేడి గొట్టంలో చేరి పేలడమే. ఎగ్జాస్టు వాల్వు, సైలెన్సరు రెండూ దెబ్బతింటాయి. ఆ గొట్టాలు రోలరు కిందికి పోవాల్సిందే.

బండిని మార్చడం మొదట పుట్టింది అవసరం కోసమే. రెండో ప్రపంచ యుద్ధం ముందూ వెనకా అమెరికాలో బరువు తగ్గించుకోడానికి మడ్‌గార్డులు కత్తిరించుకున్నారు, ‘బాబర్’ అలా వచ్చింది. లండన్‌లో ఏస్ కేఫ్ చుట్టూ తిరిగిన కుర్రాళ్లు 1950, 60ల్లో నార్టన్ ఫెదర్‌బెడ్ ఫ్రేములో ట్రయంఫ్ ఇంజిన్ కూర్చి దానికి ‘ట్రైటన్’ అని పేరు పెట్టుకున్నారు. ఒక కంపెనీ ఫ్రేము మలుపుల్లో బాగా నిలబడేది, రెండో కంపెనీ ఇంజిన్ బాగా లాగేది. రెండు మంచి గుణాలు ఒక బండిలో కలవాలన్న కోరిక అది. మన దగ్గర ఈ పనికి ఎక్కువగా దొరికేది పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్ 350. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. విడదీయడం తేలిక, పార్టులకు లోటు లేదు. హైదరాబాద్‌లో పుత్లీబౌలి సందుల్లో పార్టులు, రాణిగంజ్‌లో గొట్టాలు, బేరింగులు, విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని, వెల్డింగు దొరుకుతాయి. చెయ్యి తిరిగిన పనివాళ్లకు మన ఊళ్లలో కొదవ లేదు.

అలాంటి బండి ఎదురైతే మొదట దాని వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా రెండు వైపులా నూలు దారం లాగి పట్టుకుంటే రెండూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో తేలిపోతుంది. లావు టైరు వేసిన బండ్లలో మొదట బయటపడే తప్పు ఇక్కడే ఉంటుంది. టైరుకు చోటు చేయడానికి చైన్‌ను బయటికి జరపాలి. వెనక పళ్లచక్రాన్ని 10 మి.మీ. జరిపితే ముందుదాన్నీ అంతే జరపాలి. జరపకుంటే చైన్ వంకరగా నడిచి పళ్లను ఒక పక్కే తినేస్తుంది, ఒక్కోసారి గుంటల్లో ఊడిపోయి చక్రాన్ని బిగబట్టేస్తుంది. ముందుదాన్ని మరీ ఎక్కువ బయటికి తెచ్చినా గేర్‌బాక్సు బేరింగు మీద భారం పడుతుంది. ఇంకో తప్పు, పాత 1.85 అంగుళాల రిమ్ము మీదే 130 మి.మీ. వెడల్పు టైరు ఎక్కించేయడం. రిమ్ము ఇరుకైతే టైరు అంచులు లోపలికి నొక్కుకుని నడినెత్తి ఉబ్బుతుంది. చూడ్డానికి బలంగానే ఉంటుంది. రోడ్డును పట్టుకునే చోటు మాత్రం తగ్గిపోతుంది, మలుపులో బండి ఒక్కసారిగా ఒరిగినట్టు అనిపిస్తుంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దగ్గర మాత్రం ఇంకాస్త సేపు నిలబడాలి. ముందు భాగం పొడుగ్గా సాగదీసి కట్టే చాపర్‌ని చూడగానే కంటికి కనిపించే అందం సాగిన ఫోర్కుదే, ప్రమాదం దాక్కునేదీ అక్కడే. హ్యాండిల్ తిరిగే ఇరుసు వాలుకు రేక్ అంటారు. ఆ ఇరుసును గీతలా నేల దాకా పొడిగిస్తే అది తగిలే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం ట్రయల్. బండి తిన్నగా పోవడానికి ఒక ముఖ్య కారణం ఈ దూరం. 19 అంగుళాల చక్రం, 325 మి.మీ. వ్యాసార్ధం, 27 డిగ్రీల రేక్, 50 మి.మీ. ఆఫ్‌సెట్ (హ్యాండిల్ ఇరుసు గీత నుంచి చక్రం ఇరుసు ముందుకు ఉన్న దూరం) అనుకుని లెక్క వేస్తే ట్రయల్ సుమారు 110 మి.మీ. వస్తుంది. ఫ్రేము మెడను కోసి రేక్‌ను 35 డిగ్రీలకు పెంచితే అదే ట్రయల్ 166 మి.మీ. దాకా పోతుంది. బండి హైవే మీద రైలులా తిన్నగా పోతుంది, ట్రాఫిక్‌లో నడక వేగంలో మాత్రం హ్యాండిల్ తనంతట తానే పక్కకు వాలిపోతుంది, యూ టర్న్ తిప్పాలంటే చేతులు నొప్పెడతాయి.

మెడ కోయడం కష్టమని కొందరు ఫోర్కును పట్టుకునే ప్లేట్లనే కోణం పెంచినవి కొని బిగిస్తారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లెక్క మాత్రం తలకిందులవుతుంది. ఇరుసు వాలు మారదు, చక్రం మాత్రం ముందుకు జరుగుతుంది, కాబట్టి ట్రయల్ పెరగకపోగా తగ్గుతుంది. 700 మి.మీ. ఫోర్కుకు ప్లేట్లలో 5 డిగ్రీలు కలిపితే 110 కాస్తా 40 మి.మీ. దగ్గరికి పడిపోతుంది. ఊళ్లో తేలిగ్గా తిరిగిన ఆ బండే వేగం పెరిగాక హ్యాండిల్ వణికించడం మొదలెడుతుంది. తెలిసిన పనివాడు రెండూ కలిపి వాడతాడు: మెడను కొంత కోసి, ప్లేట్లలో కొంత కలిపి, ట్రయల్‌ను వంద చుట్టుపక్కల నిలబెడతాడు. అందుకే బండి పక్కన నిలబడ్డ యజమానిని మొదట అడగాల్సింది ట్రయల్ ఎంతని. నోటి చివర అంకె ఉందంటే బండి లెక్క ప్రకారం కట్టిందన్నమాట.

తర్వాత ఫ్రేము అతుకులు. వెనక షాకబ్జర్లు తీసేసి గట్టి తోక, అంటే స్ప్రింగుల్లేని వెనక ఫ్రేము, అతికించే బండ్లలో ప్రాణమంతా ఆ అతుకుల్లోనే ఉంటుంది. పద్ధతిగా చేసే పని ఇలా సాగుతుంది. అంగుళం గొట్టమైతే లోపల బిగుతుగా పట్టే కడ్డీ ముక్క ఒకటి, అతుకుకు అటు 50, ఇటు 50 మి.మీ. ఉండేలా దూర్చాలి. రెండు గొట్టాలకూ పక్కల 10 మి.మీ. రంధ్రాలు రెండేసి వేసి, వాటిలోంచి లోపలి ముక్కను వెల్డింగుతో పట్టించాలి. ఆ తర్వాతే చుట్టూ అతుకు వేయాలి. ఒకే పక్క ఆగకుండా లాగించేస్తే చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకుని తోక ఆ పక్కకు లాక్కుపోతుంది. అందుకే ముందు జిగ్‌లో, అంటే ఫ్రేము కదలకుండా పట్టే చట్రంలో, బిగించి చుక్కలు పెట్టుకుని, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి వేస్తూ పోతారు. తొందరపడి నీళ్లు పోసి చల్లార్చకూడదు, అతుకు పెళుసెక్కుతుంది. బుల్లెట్‌కు ఇంకో మెలిక ఉంది. దాని ఫ్రేము ముందు గొట్టం ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఇంజినే ఫ్రేములో ఒక భాగం. ఇంజిన్ బోల్టులు బిగించకుండా ఖాళీ ఫ్రేముకు తోక అతికిస్తే, తర్వాత ఇంజిన్ కూర్చోబెట్టేటప్పుడు రంధ్రాలు కలవవు. సుత్తితో కొట్టి కలిపారా, అతుకు లోపల ఒత్తిడి ఉండిపోయినట్టే.

గొట్టం సీమ్‌లెస్, అంటే పొడవునా అతుకు లేనిది, కావాలి. నీళ్ల పైపు పనికిరాదు. దాని జింకు పూత వెల్డింగు వేడికి ఆవిరై అతుకులో బుడగలు నింపుతుంది, ఆ పొగ పీల్చినవాడికి జ్వరం వస్తుంది. మంచి టిగ్ వెల్డింగు అతుకు చేపపొలుసుల్లా వరసగా, ఒకే వెడల్పున ఉంటుంది. దాన్ని చూపించుకోడానికి పనివాడు వెనకాడడు. అతుకును గ్రైండరుతో చదును చేసి, లప్పం పెట్టి, రంగు కొట్టిన చోటే అనుమానించాలి. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే ఆ చోట పెట్టి చూడండి. పక్కన గట్టిగా పట్టింది అక్కడ జారిపోతే లోపల మందంగా లప్పం ఉన్నట్టు. ఆర్నెల్లు తిరిగాక ఆ రంగు మీద వెంట్రుకలాంటి గీత కనిపించిందంటే పగిలింది రంగు ఒక్కటే కాకపోవచ్చు.

ట్యాంకు దగ్గర ఈ మధ్య కొత్త చిక్కు వచ్చింది. పంపుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత పద్ధతిలో ఫైబరుతో పోసిన ట్యాంకులను ఇథనాల్ మెత్తబరుస్తుంది. లోపలి జిగురు కరిగి కార్బురేటర్ జెట్లలో పేరుకుంటుంది, ట్యాంకు ఉబ్బి రంగు పొరలెత్తుతుంది. కాబట్టి రేకు ట్యాంకే మేలు. పాత ట్యాంకును కోసి సన్నం చేసేటప్పుడు పెట్రోలు వంపేస్తే చాలదు, ఆవిరి మిగిలి ఉంటే వెల్డింగు నిప్పుకు పేలిపోతుంది. కడిగి, అతికే చోటు వరకూ నీళ్లు నింపి ఆ పైనే పని చేయాలి. అయ్యాక 2, 3 పీఎస్‌ఐ గాలి మాత్రమే పట్టించి సబ్బునీళ్లు రాసి చూడాలి. అంతకు మించితే ట్యాంకు బుగ్గలు ఉబ్బుతాయి. ట్యాంకు మీది బంగారు గీతలను బుల్లెట్‌కు చెన్నై ఫ్యాక్టరీలో చేత్తోనే గీసేవారు. ఆ పనికి సాటిరాగల చేతులు మన బోర్డు పెయింటర్లలో ఉన్నాయి. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన ఆ కుంచెలకు ఇలాంటి ట్యాంకులు కాస్త బతుకుదెరువు.

మిగతావి చకచకా చూడొచ్చు. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పితే బొటనవేలు ట్యాంకుకు నలగకూడదు, బ్రేకు హోసు బిగుసుకోకూడదు. ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపినప్పుడు బ్రేకు కడ్డీ, అది లాగే డ్రమ్ము మీట, పెడలు నొక్కిన స్థితిలో ఒకదానికొకటి లంబంగా నిలవాలి, లేకపోతే పాదం ఎంత తొక్కినా బలం డ్రమ్ముకు చేరదు. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టిన చోటే వానలో బండి ఆగిపోతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన కొలతలకు, ఆర్సీలోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. పైన చెప్పినంత శ్రద్ధతో కట్టిన బండి కూడా ఈ లెక్కన రోడ్డెక్కలేదు, ప్రదర్శనలోనే నిలబడాలి. ఫ్రేము కోయాలనుకునేవారు డబ్బు పెట్టకముందే ఈ సంగతి తెలుసుకోవాలి. జర్మనీలో మార్చిన బండిని టీయూవీ అనే తనిఖీ సంస్థ ఇంజినీరు పరీక్షించి, బాగుంటే మార్పును కాగితాల్లో రాసిస్తాడు. బ్రిటన్‌లో విడిగా కట్టిన ఒక్క మోటార్‌సైకిల్‌నైనా తనిఖీ చేసి అనుమతించే పద్ధతి ఉంది. అక్కడ శబ్దం, బ్రేకులు, దీపాలు, పదునైన అంచులు అన్నీ చూస్తారు, తప్పిన బండిని వెనక్కి పంపేస్తారు. ఆర్టీఏ కార్యాలయాలకు తోడుగా మన ఇంజినీరింగ్ కాలేజీల మెకానికల్ విభాగాలున్నాయి, అతుకు పగుళ్లు చూసే రంగునీళ్ల పరీక్ష అక్కడ విద్యార్థులకు నేర్పేదే. కేంద్రం అలాంటి దారి తెరవాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు రాయాలి.

మీ పత్రికకు నా మనవి ఇంకోటి. ఇకమీదట ఏ ప్రదర్శనలోనైనా కస్టమ్ బండి ఫొటో వేస్తే, పక్కన నిలబడ్డ సినిమా నటుడి పేరుతో పాటు వెల్డరు ఊరు, పెయింటరు ఊరు, గొట్టం మందం, రేక్, ట్రయల్ అంకెలు కూడా కింద రెండు లైన్లలో ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్