‘ట్యాబ్ మీరే తెచ్చుకోండి’ అంటే సరిపోదు

సంపాదకులకు,

జూన్ వచ్చిందంటే కొన్ని ప్రైవేటు బడులు పుస్తకాల జాబితా అడుగున ‘ట్యాబ్ లేదా ల్యాప్‌టాప్ మీరే తెచ్చుకోవాలి’ అని ఒక ముక్క రాసి పంపుతున్నాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచినప్పుడు పాఠాలు ముందే వేసి ఇచ్చింది. ఇంటి నుంచి తెచ్చేవి అలా కాదు, ఏ ఇద్దరివీ ఒక రకంగా ఉండవు. కొనే భారం తల్లిదండ్రులది సరే, బడి చేయాల్సిన పని మాటేమిటి?

మొదట చిక్కు వచ్చేది వై-ఫైతోనే. ఇళ్లలో వాడే రౌటర్ ఒకటి వరండాలో తగిలించి మూడు సెక్షన్లకు సరిపెడతారు. వై-ఫైలో చేరే ప్రతి పరికరానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, దాన్నే అడ్రసు అంటారు. మామూలు అమరికలో అది 254కు మించి అడ్రసులు ఇవ్వజాలదు, చాలావాటిలో అంతకంటే తక్కువే. ఒక్కో అడ్రసు గడువు 24 గంటలుంటే పొద్దున వచ్చిన ట్యాబ్‌లు, టీచర్ల ఫోన్లు వాటిని సాయంత్రం దాకా వదలవు. మధ్యాహ్నం సెక్షన్‌కు సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. అందరూ కేబుల్ అబ్బాయిని తిడతారు! గడువు రెండు గంటలకు తగ్గించి, రౌటర్ ఒప్పుకుంటే సబ్‌నెట్ మాస్క్‌ను (నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులుండాలో చెప్పే అమరిక) 255.255.252.0కు మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే ఏర్పాటు) పరిధి పెంచితే వెయ్యికి పైగా అడ్రసులు దొరుకుతాయి. పైసా ఖర్చు లేదు. తరగతికో యాక్సెస్ పాయింట్ (వై-ఫై సిగ్నల్ అందించే పెట్టె) మాత్రం కొనక తప్పదు, అదీ 5 గిగాహెర్ట్జ్ ఉన్నది. పాత 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మూడే.

మ్యాక్ అడ్రసులు (ప్రతి పరికరానికీ తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబర్లు) రాసుకుని వాటినే అనుమతించే బడులకు ఇంకో తలనొప్పి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి పరికరాలు మామూలుగా మారు మ్యాక్ చూపిస్తున్నాయి. పెట్టె మీది నంబరు ఎక్కిస్తే కలవదు. ఆండ్రాయిడ్‌లో అయితే వై-ఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి, ప్రైవసీలో ‘డివైస్ మ్యాక్’ ఎంచుకోవాలి.

సిమ్ పట్టే ట్యాబ్ వద్దని జాబితాలోనే రాయండి. చూడకూడని సైట్లను ఆపే బడి ఫిల్టర్ బడి వై-ఫైకే కాపలా, మొబైల్ డేటా ఆన్ చేసిన పిల్లవాణ్ని అది ఆపలేదు.

65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్లు నలభై కలిస్తే 2,600 వాట్లు. గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్ మోసేది 1,380 వాట్లే. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో బాక్సు తగిలిస్తే గోడ ప్లగ్గు దగ్గర కాలిన వాసన మొదలవుతుంది. ఇంట్లోనే నిండా ఛార్జి చేసుకు రావాలన్నది నియమం కావాలి.

తెలుగు మాస్టార్లకు ఒక మనవి: డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన వర్డ్ ఫైలు పిల్లల ట్యాబ్‌లో పిచ్చి అక్షరాలుగా తెరుచుకుంటుంది. అన్ని పరికరాల్లోనూ చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేయండి, లేదా పీడీఎఫ్ చేసి పంపండి.

కొన్ని బడులు పిల్లల పరికరంలో నిర్వహణ యాప్ (బడి దూరం నుంచే పరికరాన్ని అదుపు చేసేది) వేయిస్తున్నాయి. ఇచ్చిన అనుమతులను బట్టి అది పరికరంలో ఉన్నదంతా చెరిపేయగలదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. ఆ యాప్ ఏం చూస్తుందో, ఏం చెరపగలదో కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. టీసీ ఇచ్చే రోజున దాన్ని తీసేసి ఇస్తామన్న హామీ కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

— ఒక పాఠశాల కంప్యూటర్ విభాగం ఉద్యోగి, గుంటూరు